తగలకూడనిది

మా క్లాసు మొత్తానికి నేను పిన్నిని. నిజానికి ఒక్కదానికే పిన్నిని, మా అక్క కూతురు ఉడతకి. ఎప్పుడూ నోట్లో ఏదో ఒకటి వేసుకుని నములుతూ చదువుతుంది కాబట్టి చిన్నప్పుడే ఇంట్లో దానికి ఆ పేరు పడిపోయింది. నర్సింగ్ స్కూల్లో చేరిన మొదటి రోజు అది ముందు బెంచీలో చోటు పట్టి, "పిన్నీ, ఇటు రా, నీకోసం ఉంచా!" అని గది అదిరేలా అరిచింది. అంతే, హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా నాకు వేరే పేరు లేకుండా పోయింది. ట్యూటర్ మేడం నాకంటే చిన్నది. ఆవిడ కూడా ఒకసారి నోరు జారి పిన్ని అనేసి నాలిక కరుచుకుంది.

ఈ వయసులో చదువేంటని అడగని వాళ్ళు లేరు. మా అమ్మ మంచాన పడితే ఏళ్ళ తరబడి చూసుకున్నదాన్ని నేను. మా వాళ్ళందరికీ పెళ్ళిళ్ళు అయ్యాయి, ఉద్యోగాలు అయ్యాయి. నాకు అమ్మ అయింది. ఆవిడ పోయాక ఏం చెయ్యాలో తోచక తుడిచిన ఇల్లే మళ్ళీ తుడుచుకుంటూ కూర్చుంటే, ఉడత తన అప్లికేషన్‌తో పాటు నాకూ ఒకటి తెచ్చింది. "అమ్మమ్మకి నువ్వు చేసిందంతా ఇదే కదా పిన్నీ. ఇకమీదట జీతం తీసుకుని చెయ్యి" అంది. వయసు దాటిపోవడానికి నెలలు మిగిలాయనగా సీటొచ్చింది. నా బతుకులో నాకోసమని వచ్చిన మొదటి వస్తువు ఆ సీటే. దాని జోలికి ఎవరైనా వస్తే ఊరుకునే రకాన్ని కాదు నేను.

చదువు మాత్రం నా తల ప్రాణం తోకకి తెచ్చింది. ఒక్క మణికట్టులోనే ఎనిమిది ఎముకలట. ఇంత చిన్న జాగాలో ఎనిమిదెందుకు, ఒక్కటి పెట్టి ఊరుకుంటే చెయ్యి తిరగదా అని నేను విసుక్కుంటే, ఉడత నవ్వుతూ నా మణికట్టు పట్టుకుని ఒక్కో ఎముకనీ వేలితో నొక్కి పేరు చెప్పేది. అలా ఒంటి మీద చూపిస్తే నాకు ఎక్కేది. పుస్తకంలో బొమ్మ చూస్తే ఎక్కేది కాదు. బొమ్మలో కుడి వైపున్నది మనిషికి ఎడమ వైపు అవుతుందన్న సంగతి బుర్రలో దిగడానికే నాకు చాలా రోజులు పట్టింది.

ప్రాక్టికల్ గదిలో రెండు ఇనప మంచాలు, మధ్యలో ఆకుపచ్చ తెర, ఒక మూల నిండు మనిషంత రబ్బరు బొమ్మ ఉండేవి. ట్యూటర్ మేడం ఆ బొమ్మ మీద పొట్ట ఎలా పరీక్ష చెయ్యాలో ఒకసారి చూపించి, మిగతాది మీలో మీరు అలవాటు చేసుకోండమ్మా అని వెళ్ళిపోయింది. ఆవిడకి ఆఫీసు పని మెడ దాకా ఉండేది. బొమ్మ పొట్ట చెక్కలా గట్టిది, ఎంత నొక్కినా ఏమీ తెలియదు. ఆడపిల్లలేమో చొక్కా అంచు కాస్త పైకెత్తమంటే మెలికలు తిరిగిపోయేవారు. అమ్మకి స్నానాలు చేయించీ చేయించీ నాకు ఒళ్ళంటే సిగ్గు ఎప్పుడో పోయింది. "తప్పుకోండే" అని నేనే మంచమెక్కి పడుకునేదాన్ని. అలా మా క్లాసుకి పొట్ట అంటే నా పొట్టే అయింది.

పిల్లలు వంతులేసుకుని నొక్కేవారు. కాలేయం తగల్లేదు, మూత్రపిండాలు తగల్లేదు. "ఏంటి పిన్నీ, నీ పొట్టలో ఏమీ లేదా, బయటే పెట్టొచ్చావా?" అని ఏడిపించేవారు. ఏదో ఒకటి చేతికి దొరికితేనే పని వచ్చినట్టు, దొరక్కపోతే రానట్టు అనుకునే వయసులు వాళ్ళవి. వయసు సంగతి వదిలేస్తే నేనూ అలాగే అనుకున్నాను.

ఒక రోజు మా క్లాసులోని కళ్ళజోడు పిల్ల నా ఎడమ పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి, ఊపిరి తీసుకోమని, ఒక్కసారి కెవ్వుమంది. "దొరికింది! స్ప్లీన్, ప్లీహం దొరికింది!" అని గంతులేసింది. మిగతా వాళ్ళు ఎగబడ్డారు. నేను ఊపిరి లోపలికి తీసినప్పుడల్లా ఎముకల చాటు నుంచి గుండ్రటి అంచొకటి దిగి వాళ్ళ వేళ్ళకి తగులుతోందట. ఒక్కొక్కరూ నొక్కడం, "అవును!" అనడం, నవ్వడం. పక్క సెక్షన్‌కి కూడా కబురు వెళ్ళింది. మర్నాటి నుంచి వాళ్ళూ వచ్చి గుమ్మంలో నిలబడి, "పిన్నిగారూ, ఒక్కసారి మాక్కూడా" అని బతిమాలేవారు. నాకు భలే గొప్పగా ఉండేది. ఇంతమందికి పనికొచ్చేది నా ఒంట్లో ఒకటుందని ఎవరికి తెలుసు! రాజ్యమేలుతున్నట్టు పడుకునేదాన్ని.

ఉడత అందరికన్నా ఆఖరున వచ్చింది. దానికి ఏ పాఠమైనా మొదట పుస్తకంలో చదివితే గాని చెయ్యి కదలదు. వచ్చి, అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుని, నా పొట్ట మీద పెట్టింది. "ఊపిరి తీసుకో పిన్నీ" అంది. తీసుకున్నాను. దొరికింది అని అది కేకెయ్యలేదు. మళ్ళీ తీసుకోమంది. మళ్ళీ తీసుకున్నాను. చెయ్యి తీసేసి నా చొక్కా కిందికి సర్దింది.

"ఈ మధ్య సగం భోజనంలోనే లేచిపోతున్నావెందుకు?" అని అడిగింది.

"నీలాగా రోజంతా నమలడం నాకు చేతకాదే తల్లీ. నాలుగు ముద్దలకే నిండిపోతోంది."

"యూనిఫాం కూడా వదులైంది."

"చదువు తినేస్తోంది మరి నన్ను. వయసులో ఉన్న మీకేం తెలుస్తుంది" అని మంచం దిగాను. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. ఉడత నవ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం నన్ను లైబ్రరీకి లాక్కెళ్ళింది. కిటికీ పక్క బల్ల మీద లావుపాటి పుస్తకం తెరిచి నా ముందుకి జరిపి, ఒక వాక్యం మీద వేలు పెట్టింది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ప్లీహం పక్కటెముకల చాటున ఉంటుంది, చేతికి తగలదు. తగిలిందంటే మామూలు కన్నా రెండు మూడు రెట్లు పెరిగిందని అర్థం. ఇంతే ఉంది అక్కడ. మామూలు అచ్చులో, మిగతా వాక్యాల మధ్యలో, ఏ గీతా ఏ గుర్తూ లేకుండా ఉంది. ఇంతమందిమి ఇన్ని రోజులు నా పొట్ట నొక్కి పండగ చేసుకున్నది దానికన్నమాట.

నాకు మొదట నవ్వొచ్చింది. "చూశావా, ముందే చదివుంటే ఆ కళ్ళజోడు పిల్ల నోరు మూయించేదాన్ని" అన్నాను. ఉడత పేజీ తిప్పింది. ఏయే జబ్బుల్లో ప్లీహం పెరుగుతుందో కింద వరసగా ఉన్నాయి. పైన ఉన్నవి మందులతో పోయే జ్వరాలు, ఇన్ఫెక్షన్లు. కిందికి వెళ్ళేకొద్దీ రక్తానికి సంబంధించినవి. నేను కింద నుంచి చదివాను. నా నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నాకే తెలియలేదు.

"రేపే హాస్పిటల్‌కి వెళ్దాం పిన్నీ. ఒక్క రక్త పరీక్ష, అంతే."

"ఏడాది పరీక్షలయ్యాక."

"ఇది పరీక్షల కోసం ఆగేదా?"

"ఇన్నాళ్ళూ ఆగలేదూ? ఇంకొన్నాళ్ళు ఆగుతుంది. ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పక్కన పెట్టేస్తారు. ఇంటికెళ్ళి నయం చేసుకుని రామంటారు. వచ్చే ఏటికి నా వయసు దాటిపోతుంది, మళ్ళీ నన్ను గుమ్మం కూడా ఎక్కనివ్వరు. తెలుసా నీకు?"

"పరీక్షలయ్యాక సెలవులంటావు. సెలవులయ్యాక రెండో సంవత్సరం అంటావు. నువ్వు నాకు తెలియదా?"

"ఎవరికైనా చెప్పావో, మీ అమ్మకి గాని మేడంకి గాని, ఈ జన్మకి నీతో మాట్లాడను."

లైబ్రరీ ఆవిడ తలెత్తి చూసింది. ఉడత పుస్తకం మూసి దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. సరే అనలేదు, కాదనలేదు. దాని మౌనాన్ని నేను సరే కింద జమ కట్టేసుకున్నాను.

ఆ తర్వాత రోజులు నాకు బాగా గడిచాయని చెప్తే అబద్ధమే. పిల్లలు ప్రాక్టికల్ గదిలోకి రమ్మంటే, "నా పొట్టకి సెలవు, మీ పొట్టలు మీరు చూసుకోండి" అని కసిరేదాన్ని. వాళ్ళు మూతి ముడుచుకుని మళ్ళీ రబ్బరు బొమ్మ దగ్గరికి పోయేవారు. వాక్యం సంగతి వాళ్ళకి తెలియదు. క్లాసులో మేడం రక్తం గురించి చెప్తూ, ముసలివైపోయిన ఎర్ర కణాలను ఏరి తీసేసే పని ప్లీహానిదే అంది. అందరూ రాసుకున్నారు. నేను పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను. పొద్దున లేచేసరికి నా దుప్పటి చెమటతో ఎందుకు తడిసి ఉంటోందో, రెండు మెట్లెక్కితే ఆయాసం ఎందుకొస్తోందో, అన్నీ ఇప్పుడు ఒక్క చోటికి చేరుతున్నాయి. చదవకముందు అవి వయసు, అలసట. చదివాక అవి లక్షణాలు. ఈ దిక్కుమాలిన చదువు నాకెందుకు వచ్చిందా అని మొదటిసారి అనిపించింది. అలా అనిపించినందుకు మళ్ళీ నా మీద నాకే కోపం వచ్చింది.

ఉడత నాతో మామూలుగానే మాట్లాడేది. కాకపోతే భోజనాల దగ్గర నా కంచం వైపు చూసేది. నేను లేస్తే అదీ లేచేది. దాని కంచంలో కూడా సగం అలాగే ఉండేది. "నీకేమైందే, తిను" అని అరిస్తే, "నీకేమైందో అదే" అని చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయేది. లాగి ఒకటి ఇద్దామన్నంత కోపం వచ్చేది నాకు. దగ్గరకి తీసుకోవాలనీ అనిపించేది. రెండూ చెయ్యలేదు.

రాత పరీక్షలు అయిపోయాయి. ప్రాక్టికల్స్‌కి బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చింది. నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్న పెద్దావిడ, మాట పొదుపు, చూపు పదును. ఒకరికి పరీక్ష జరుగుతుంటే ఇంకొకరు రోగిలా పడుకోవాలి. నా వంతు మొదట్లోనే వచ్చింది. గుండె చప్పుడు ఎక్కడెక్కడ వినాలో చూపించమంది. చూపించాను. వేళ్ళు వణకలేదు. "బాగుంది" అంది. ఆ ఒక్క మాటకి నేను గాల్లో తేలుతూ బయటికి వస్తుంటే ట్యూటర్ మేడం చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, కాస్త సాయం చెయ్యవూ. పడుకోవాల్సిన పిల్ల సిగ్గుతో ఏడుస్తోంది. మిగతా వాళ్ళకి నువ్వే పడుకో."

కాదంటే ఎందుకంటారు. ఎప్పుడూ లేని సిగ్గు ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు. వెళ్ళి పడుకున్నాను. మొదట వచ్చిన పిల్లకి చీటీలో ఊపిరితిత్తులు, రెండో పిల్లకి మోకాలు పడ్డాయి. హమ్మయ్య అనుకుంటున్నాను. తెర జరిపి ఉడత లోపలికి వచ్చింది. గిన్నెలోంచి చీటీ తీసి చదివి ఎగ్జామినర్‌కి ఇచ్చింది.

"పొట్ట పరీక్ష. ప్లీహం చూపించి, ఏం తెలిసిందో చెప్పు" అందావిడ.

ఉడత నా వైపు చూసింది. నేను కళ్ళతోనే దానికి చెప్పాల్సింది చెప్పాను. ఇందులో కష్టమేముంది? పక్కటెముకల అంచున చెయ్యి ఆనించి, పైపైన నొక్కి, తగల్లేదు మేడం అంటే అయిపోయింది. పుస్తకం చెప్పే సరైన జవాబు కూడా అదే. దానికి నిండుగా మార్కులు, నాకు నా సీటు. ఇద్దరం బయటపడతాం. పద్ధతి ప్రకారం చెయ్యాలంటే మాత్రం కుడి తుంటి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో ఊపిరికీ కొంచెం కొంచెం జరుపుకుంటూ ఏటవాలుగా ఎడమ పక్కటెముకల దాకా రావాలి. ఎంత పెరిగిన ప్లీహమైనా ఆ దారిలో తప్పించుకోలేదు.

అది అరచేతులు రుద్దుకుంది. చెయ్యి నా కుడి తుంటి దగ్గర పెట్టింది.

మోసం చేస్తోంది, దొంగ పిల్ల, నా చేతుల్లో పెరిగిన పిల్ల. అక్కడికక్కడే లేచి కూర్చుందామనుకున్నాను.

"గట్టిగా ఊపిరి తీసుకోండమ్మా" అంది. పరీక్షలో రోగిని అలాగే అనాలి. తీసుకున్నాను. చెయ్యి జరిగింది. మళ్ళీ తీసుకోమంది. మళ్ళీ జరిగింది. బొడ్డు దాటింది. ఎడమ వైపుకి వచ్చేస్తోంది. అప్పుడు నాకు తట్టింది. నాది మరీ కిందికి దిగింది కాదు. ఊపిరి నిండా తీస్తే తప్ప ఎముకల చాటు నుంచి బయటికి రాదు. నేను తియ్యకపోతే? దీని వేళ్ళు ఎంత నేర్చినవైతే మాత్రం ఏం చేస్తాయి? భుజాలు పైకి లేపి, ముక్కుతో చప్పుడు చేసి, గాలి గొంతులోనే ఆపేశాను.

ఉడత వేళ్ళు పక్కటెముకల కింద ఆగి ఉన్నాయి. ఎదురు చూస్తున్నాయి.

"తగిలిందా?" అని అడిగింది ఎగ్జామినర్.

"ఇంకా లేదు మేడం. ఆవిడ ఊపిరి సరిగ్గా తీసుకోవడం లేదు."

నేను మళ్ళీ అలాగే చేశాను. భుజాలు లేచాయి, పొట్ట కదల్లేదు. అది నా మొహం చూడటం లేదు, పొట్టనే చూస్తోంది. దానికి తెలిసిపోయింది.

"నీ తర్వాత ఇంకా చాలామంది ఉన్నారమ్మా. తగల్లేదని రాసుకోనా? పద్ధతి బాగానే చేశావు" అంది ఎగ్జామినర్. పెన్ను కాగితం మీద ఆనించి ఉంది. తలుపు దగ్గర నిలబడ్డ ట్యూటర్ మేడం, అనవే అన్నట్టు తలూపింది.

"వద్దు మేడం. నేను ఇంకా చూడలేదు."

"ఆగినకొద్దీ మార్కులు తగ్గుతాయి మరి."

"తగ్గించండి మేడం."

నాకు ఒళ్ళు మండిపోయింది. దీనికేం పోయేకాలం! ఏడాదంతా రాత్రనక పగలనక చదివిన పిల్ల, ఒక్క మాట అంటే ఒడ్డున పడే పిల్ల. దాని చెయ్యి నా పొట్ట మీద వెచ్చగా ఉంది. కింది పెదవి పళ్ళ మధ్య నలిగిపోతోంది. కళ్ళ నిండా నీళ్ళున్నా చెయ్యి మాత్రం కదల్లేదు. అది వంగి, రోగిని అనాల్సినట్టు కాకుండా, ఇంట్లో అన్నట్టు అంది.

"పిన్నీ. ఊపిరి తీసుకో."

బతిమాలలేదు, బెదిరించలేదు. నాకు అప్పుడు అర్థమైంది, ఇది చెయ్యి తియ్యదు. సున్నా వేసినా తియ్యదు, గది బయటికి పొమ్మన్నా తియ్యదు. నేను ఇక్కడ ఎంతసేపు ఊపిరి బిగబట్టుకుని పడుకుంటే అంతసేపూ ఇలాగే నిలబడుతుంది. నా సీటు కోసం నేను ప్రాణం పణంగా పెడితే, నా ప్రాణం కోసం ఇది దాని సీటు పెట్టేస్తోంది. ఇలాంటి దాంతో ఎవరు గెలుస్తారు?

కోపంతోనే తీశాను ఊపిరి. ఛాతీ నిండి, పక్కటెముకలు విచ్చుకుని, పొట్ట పైకి లేచేదాకా తీశాను. లోపల ఏదో బరువుగా కిందికి దిగి దాని వేళ్ళని తాకింది. నాకే తెలిసింది తాకడం.

"తగిలింది మేడం" అంది ఉడత. "పక్కటెముకల కిందికి రెండు వేళ్ళ మేర దిగింది. అంచు గట్టిగా ఉంది. ఇది మామూలు కాదు మేడం. ఈవిణ్ణి డాక్టరుకి చూపించాలి."

ఎగ్జామినర్ పెన్ను బల్ల మీద పెట్టి లేచి వచ్చింది. ఉడత పక్కకి జరగబోతే దాని మణికట్టు పట్టుకున్నాను. ఇన్ని రోజులుగా లోపల తొక్కిపెట్టినది నోటి దాకా వచ్చేసింది.

"నాకు చచ్చేంత భయంగా ఉందే" అన్నాను.

"నాకూ" అంది.

ఎగ్జామినర్ వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఊపిరి తీసుకోమంది. ఉడత చెయ్యి వదలకుండా, నిండుగా తీసుకున్నాను.